కటా పోటీకి వయసు అడ్డమా? సాండ్రా సాంచెజ్‌ను చూశాక వచ్చిన ప్రశ్న

స్వాతి_రాజమండ్రి
నాకు ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. పదో తరగతి వరకు కరాటే నేర్చుకున్నాను. తరువాత చదువు, పెళ్ళి, పాప, ఇలా పదమూడేళ్ళు గడిచిపోయాక రెండేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాను. పోయిన నెల ఒక టోర్నమెంటులో సీనియర్ మహిళల కటాకు (ఎదుట మనిషి లేకుండా, నిర్ణీత కదలికల వరుసను ఒంటరిగా చేసి చూపే పోటీ) పేరు ఇవ్వడానికి వెళ్తే, బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పాపను చూసి "పాప పేరు చెప్పండమ్మా" అన్నారు. పోటీ చేసేది నేనేనని చెప్పాక ఫారం ఇచ్చారు కానీ, "ఈ వయసులో మీకెందుకమ్మా, పిల్లను తయారుచేసుకోండి" అన్న మాట కూడా దానితోపాటే ఇచ్చారు. ఆ రోజు కటా చేశాను, మొదటి రౌండులోనే బయటికి వచ్చేశాను. ఓడినందుకు బాధ లేదు. ఆ మాట మాత్రం బస్సులో ఇంటికి వచ్చేదాకా చెవిలోనే ఉంది.

ఆ రాత్రి టోక్యో ఒలింపిక్స్ మహిళల కటా ఫైనల్ మళ్ళీ పెట్టుకుని చూశాను. స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్ అక్కడ స్వర్ణం గెలిచినప్పుడు ఆమెకు 39 ఏళ్ళు. నా ప్రశ్న ఒక్కటే. ఆమె కథ నాలాంటి వాళ్ళకు నిజంగా పనికివచ్చే ఉదాహరణేనా, లేక కోటికొక్కరికి జరిగే సంగతిని పట్టుకుని నన్ను నేను ఊరడించుకుంటున్నానా?

నిజామాబాద్_నవీన్
పాప ముందు ఆ మాట అనడం ఏమీ బాగాలేదు. సీనియర్ కటాకు ప్రపంచ సమాఖ్య నిబంధనల్లో 16 ఏళ్ళు నిండాలన్న కింది హద్దే ఉంది తప్ప పై హద్దు లేదు. ఇంకోసారి ఎవరైనా అంటే ఆ సంగతి చెప్పండి.

కుమిటే_కిరణ్
స్వాతి గారూ, ఆయన అన్న తీరు తప్పే, అందులో రెండో మాట లేదు. అయితే సాంచెజ్‌ను ఉదాహరణగా తీసుకోవడంలో ఒక చిక్కు ఉంది. అదే టోక్యోలో మహిళల కుమిటే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీ, విజేతలను చూడండి. 55 కిలోల విభాగంలో బల్గేరియా అమ్మాయి ఇవెట్ గొరనోవాకు 21 ఏళ్ళు, 61 కిలోల్లో సెర్బియాకు చెందిన యోవానా ప్రెకోవిచ్‌కు 25, ఆ పై విభాగంలో ఈజిప్టుకు చెందిన ఫెర్యాల్ అబ్దెలజీజ్‌కు 22. మహిళల కరాటేలో ఇచ్చిన నాలుగు స్వర్ణాల్లో మూడు పాతికేళ్ళు దాటని వాళ్ళకే వెళ్ళాయి. నాలుగోది కటా. ఎదుట కొట్టే మనిషి లేడు కాబట్టే అక్కడ 39 ఏళ్ళావిడ గెలవగలిగిందని నా అభిప్రాయం. నేను పన్నెండేళ్ళు కుమిటే ఆడాను. ఇరవై తొమ్మిదో ఏట నా కాలు లేచేలోపే ఎదుటి కుర్రాడు పాయింటు కొట్టి వెనక్కి వెళ్ళిపోతుంటే నాకే తెలిసిపోయింది. కటా అందం వేరు, పోటీ వేరు.

కటా_కల్యాణి
కిరణ్ అన్నా, కటా పోటీ కాదని మాత్రం అనకండి. మా ఇంట్లో నానమ్మ కూడా దాన్ని డాన్సు అనే అంటుంది. నానమ్మంటే సర్దుకుంటాను కానీ బ్లాక్ బెల్ట్ ఉన్న మీరంటే ఎలా?

విజయనగరం_మాస్టారు
కల్యాణీ, డాన్సు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సాంచెజ్‌ను చిన్నప్పుడు వాళ్ళమ్మ డాన్సు క్లాసులోనే వేసింది. అన్నయ్య కరాటేకు వెళ్తుంటే ఈ పిల్ల డాన్సు వదిలి అక్కడికి పోయేది. అప్పటికి ఆమెకు నాలుగేళ్ళు. కాబట్టి ఆ రెంటికీ తేడా ఏమిటో ఆమెకు చాలా ముందే తెలుసు.

ఇప్పుడు కిరణ్ గారి మాటకు వస్తాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాను, కుమిటేలోనూ కటాలోనూ పిల్లలను పోటీలకు తీసుకువెళ్ళాను. కుమిటేలో ఎదుటి మనిషి తప్పు చేస్తే మనకు పాయింటు దొరుకుతుంది. కటాలో మనకోసం తప్పు చేసిపెట్టేవాడు ఎవడూ ఉండడు. రెండు మూడు నిమిషాలపాటు జడ్జీలు మన పాదం కోణాన్ని, మోకాలి వంపును, ఊపిరిని చూస్తూ కూర్చుంటారు. మడమ ఒక్కసారి లేచినా అది కనబడుతుంది. పైగా ఒక రౌండులో చేసిన కటాను మళ్ళీ చేయనివ్వరు కాబట్టి ఒకే కటాను ఏళ్ళ తరబడి నూరుకుని వచ్చినవాళ్ళు ఫైనల్ దాకా రాలేరు.

ఇక ఆమె ప్రస్థానం. స్వాతి గారు అడిగింది దీని గురించే కాబట్టి కొంచెం నిదానంగా రాస్తాను. ఆమె 1981లో స్పెయిన్‌లోని తలావెరా ద లా రేనా అనే ఊళ్ళో పుట్టింది. వయసులో ఉన్నప్పుడే మాడ్రిడ్‌లో ఉన్నతస్థాయి శిక్షణ కేంద్రం దాకా వెళ్ళింది. తల్లికి కేన్సర్ అని తెలిశాక ఆ శిక్షణ వదిలి ఇంటికి వచ్చేసింది. అలా వచ్చేసినవాళ్ళకు జాతీయ జట్టు తలుపులు మళ్ళీ తెరుచుకోవడం ఎంత కష్టమో ఆటలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తరువాత కొంతకాలం ఆస్ట్రేలియా వెళ్ళి వచ్చింది. తిరిగి వచ్చాక హెసుస్ దెల్ మొరాల్ అనే కోచ్ దగ్గర చేరింది. ఆయనే తరువాత ఆమె భర్త కూడా అయ్యాడు. 2015లో ఇస్తాంబుల్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు ఆమెకు 33 ఏళ్ళు. మామూలుగా ఆ వయసుకు మనవాళ్ళు బెల్టు గోడకు తగిలించి కోచింగులోకి దిగుతారు, ఆమె అప్పుడు యూరప్ గెలవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి 2019 దాకా ఏటా యూరప్ టైటిల్ ఆమెదే. 2018లో ప్రపంచ టైటిల్, 2019లో మిన్స్క్ యూరోపియన్ క్రీడల్లో స్వర్ణం. కరాటే ప్రీమియర్ లీగ్ పతకాల సంఖ్యలో ఆమె పేరు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

మాడ్రిడ్_మురళి
మాస్టారూ, మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ 2018 ఫైనల్‌ను నేను కళ్ళారా చూశాను. ఉద్యోగం మీద మాడ్రిడ్‌కు వచ్చిన రెండో ఏడు అది. నవంబరులో విజింక్ సెంటర్‌లో ప్రపంచ పోటీలు జరిగితే, కరాటే గురించి ఏమీ తెలియని నన్ను ఆఫీసులో స్నేహితుడు లాక్కుపోయాడు. ఎదుటి పక్షం జపాన్‌కు చెందిన కియో షిమిజు, 2014లోనూ 2016లోనూ ప్రపంచ విజేత. అప్పటికి ఇంకా పాయింట్ల పద్ధతి రాలేదు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు కటా చేశాక ఐదుగురు జడ్జీలు తాము మెచ్చినవారి వైపు ఎరుపో నీలమో జెండా ఎత్తేవారు.

నాకు బాగా గుర్తున్నది గెలుపు కాదు, అంతకు ముందు ఉన్న నిశ్శబ్దం. సాంచెజ్ చాప మీదికి వచ్చేదాకా హాలంతా కేకలు. ఆమె కటా పేరు గట్టిగా చెప్పి నిలబడిన మరుక్షణం మా వరుసలో చిప్స్ తింటున్న పిల్లాడు కూడా ఆగిపోయాడు. చెయ్యి విసిరినప్పుడల్లా ఆ మందపాటి డ్రెస్సు టప్పుమనే చప్పుడు పై వరుసల్లో కూర్చున్న మాకు వినిపించింది. జెండాలు లేచాక నా పక్కన నడుముకు పసుపు బెల్టు కట్టుకుని వచ్చిన ఒక చిన్నపిల్ల ఏడుస్తూ నవ్వింది. స్వాతి గారూ, ఆ రోజు అక్కడ ఆమె వయసు గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

కుమిటే_కిరణ్
మురళి గారూ, మీ మాట చదువుతుంటే నాకూ చూడాలనిపించింది. అయినా నా సందేహం తీరలేదు. సొంత దేశంలో, సొంత జనం మధ్య గెలిచారు. జెండాల పద్ధతిలో జడ్జీ మనసు ఎటు మొగ్గితే అటు లేస్తుందని పాతవాళ్ళే అంటారు.

కటా_కల్యాణి
అలాగైతే టోక్యోలో సొంత దేశం షిమిజుది కదా అన్నా! పోటీ జరిగిన బుడోకాన్ హాలు వాళ్ళది, ఆట వాళ్ళది. అక్కడికి వెళ్ళి మరీ సాంచెజ్ గెలిచింది. నేను షిమిజు అభిమానిని, నా గోడ మీద ఉన్న బొమ్మ ఆమెదే. మొదటి ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళే. ఆసియా క్రీడల్లో 2014లోనూ 2018లోనూ స్వర్ణం ఆమెదే. అలాంటి మనిషి సొంత గడ్డ మీద రజతంతో నిలబడటం చూసి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అయినా ఆ ఫైనల్ అన్యాయంగా పోయిందని ఇప్పటికీ అనలేను.

లెక్కల_పంతులు
నాకు కరాటే రాదు. మా అమ్మాయి నేర్చుకుంటోంది కాబట్టి మార్కులు ఎలా వేస్తారో తెలుసుకున్నాను. కిరణ్ గారు జెండాల మాట ఎత్తారు కాబట్టి టోక్యో లెక్క ఇక్కడ పెడతాను. 2019లో వచ్చి టోక్యోలో వాడిన పద్ధతిలో ఏడుగురు జడ్జీలు రెండేసి మార్కులు వేసేవారు. మొదటిది సాంకేతికం, అందులో నిలబడే తీరు, కదలికలు, ఊపిరి, కిమే (దెబ్బ వేసే క్షణంలో శక్తినంతా ఒక్కచోటికి తేవడం), సంప్రదాయానికి కట్టుబడి ఉండటం వచ్చేవి. రెండోది శారీరకం, అందులో బలం, వేగం, తూకం. ఐదు నుంచి పది దాకా 0.2 చొప్పున మెట్లు. పై రెండు మార్కులు, కింది రెండు మార్కులు తీసేసి మిగిలిన మూడింటిని కూడేవారు. సాంకేతికానికి 70 శాతం, శారీరకానికి 30 శాతం విలువ ఉండేది.

2021 ఆగస్టు 5న సాంచెజ్‌కు 28.06, షిమిజుకు 27.88 వచ్చాయి. తేడా 0.18. సాంకేతికంలో ఒక మెట్టు విలువ 0.14, శారీరకంలో ఒక మెట్టు విలువ 0.06. ఇప్పుడు చూడండి. సాంకేతికం సమానమై, శారీరకంలో మూడు మెట్లు ఎక్కువైతే సరిగ్గా 0.18 వస్తుంది. అంటే బలంలోనూ వేగంలోనూ తూకంలోనూ 39 ఏళ్ళ మనిషి 27 ఏళ్ళ మనిషి కంటే మూడు మెట్లు పైన నిలిచిందన్నమాట.

నిజామాబాద్_నవీన్
పంతులు గారూ, ఈ లెక్క మా తమ్ముడికి చూపించాను. మొన్నటిదాకా శాతాలు ఎందుకు నేర్చుకోవాలని పోట్లాడినవాడు కాగితం తీసుకుని మళ్ళీ వేశాడు. ఇంకో దారి కూడా ఉందట. సాంకేతికంలో మూడు మెట్లు ఎక్కువై, శారీరకంలో నాలుగు మెట్లు తక్కువైనా 0.18 వస్తుంది కదా?

లెక్కల_పంతులు
మీ తమ్ముడికి నా శభాష్ చెప్పండి. 0.42లోంచి 0.24 తీసేస్తే 0.18, నిజమే. అది కూడా లెక్కకు నిలుస్తుంది, నేను తొందరపడి ఒక్క దారే రాశాను. అయితే ఏ దారిలో వెళ్ళినా ఒకటి తేలుతుంది. మొదటి దారిలో ఆమె ఒంటి సత్తువతో గెలిచింది, రెండో దారిలో ముప్పై అయిదేళ్ళ సాధనతో గెలిచింది. పెద్దావిడ కదా అని ఎవరో దయతలచి వేసిన మార్కు మాత్రం కాదు.

విజయనగరం_మాస్టారు
దీనికి నేను ఒక్క మాట కలుపుతాను. ఆ ఫైనల్‌లో ఇద్దరూ ఎంచుకున్నది ఒకే కటా, చటన్యారా కుశాంకు. ఇద్దరిదీ షిటోర్యు అనే కరాటే బాణీయే. వేర్వేరు కటాలైతే ఒకటి కష్టం, ఒకటి సులువు అని వాదించవచ్చు, ఇక్కడ ఆ వాదనకు చోటే లేదు. ఆ కటాలో ఒక్కసారిగా నేలకు ఒరిగిపోయి, చూపు తప్పకుండా తిరిగి లేవవలసిన చోటు ఒకటి ఉంది. లేచేటప్పుడు తొడ కండరం ఒప్పుకోకపోతే చేతులు ఎంత బాగా వేసినా ఒళ్ళు ముందుకు తూలుతుంది. నా దగ్గర పద్దెనిమిదేళ్ళ పిల్లలే అక్కడ తూలుతారు. కరోనా వల్ల ప్రేక్షకులను రానివ్వలేదు కాబట్టి బుడోకాన్‌లో చప్పట్లు, కేకలు లేవు. ఊపిరి చప్పుడు కూడా వినబడే ఆ హాలులో ఆమె ఆ చోటు దాటిన తీరును పిల్లలకు ఎన్నిసార్లు ఆపి ఆపి చూపించానో లెక్కలేదు.

ఓరుగల్లు_అమ్మ
మీ మాటలన్నీ చదివాను. నాకు వేరే బాధ ఉంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, కటా బాగా చేస్తుంది. పోటీకి వాడే డ్రెస్సు కొనాలన్నా, వేరే రాష్ట్రానికి తీసుకువెళ్ళాలన్నా మా ఆయన జీతంలోంచి తీయాల్సిందే. మా బావగారు ప్రతి పండక్కీ ఒకే మాట అంటారు, "ఒలింపిక్స్‌లోనే లేని ఆటకు ఇంత ఖర్చు ఎందుకమ్మా" అని. టోక్యోలో ఒక్కసారి పెట్టి పారిస్‌లో తీసేశారు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. సాంచెజ్ గారికి సరిగ్గా ఆ ఒక్క అవకాశం దొరికింది. మా పిల్లకు ఏం దొరుకుతుందని చెప్పమంటారు?

మాడ్రిడ్_మురళి
ఓరుగల్లు అక్కా, మీ బావగారికి నేను చెప్పేది వినండి. సాంచెజ్ నాలుగో ఏట మొదలుపెట్టినప్పుడు కరాటే ఒలింపిక్స్‌లో లేదు. 33వ ఏట యూరప్ గెలిచినప్పుడూ లేదు. 2016లో గాని టోక్యోకు కరాటేను చేర్చలేదు. అంటే ఆమె ముప్పై ఏళ్ళు ఏ ఒలింపిక్ పతకం కోసమూ సాధన చేయలేదు. ఆ రోజు స్పెయిన్‌కు రెండు స్వర్ణాలు వచ్చాయి. రెండోది గోడలెక్కే పోటీలో అల్బెర్తో హినెస్ అనే 18 ఏళ్ళ కుర్రాడు తెచ్చాడు. 18 ఏళ్ళవాడినీ 39 ఏళ్ళావిడనూ పక్కపక్కన వేసిన పేపర్లు మర్నాడు మా ఆఫీసు బల్లల మీద ఉన్నాయి.

విజయనగరం_మాస్టారు
టోక్యో తరువాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, అమ్మా. స్వర్ణం వచ్చింది, ఆట ఒలింపిక్స్‌లోంచి పోయింది, ఇక చాలు అని ఆమె ఇంటికి వెళ్ళలేదు. అదే ఏడాది నవంబరులో దుబాయ్ ప్రపంచ పోటీలకు వచ్చి మళ్ళీ గెలిచింది. అప్పటికి నలభై నిండాయి. 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లోనూ స్వర్ణం తీసుకుని, ఆ తరువాతే పోటీలు మానింది. మనకు ఆసియా క్రీడలు ఉన్నాయి, 1994 హిరోషిమా నుంచి అందులో కరాటే ఉంది. హైదరాబాదు నుంచి సయ్యదా ఫలక్ లాంటివాళ్ళు అంతర్జాతీయ పోటీలకు వెళ్ళి వచ్చారు. దారి ఇరుకు, ఖర్చు ఎక్కువ, సమాఖ్యల గొడవలు వేరే. అది దాచి మీకు ఆశ చూపించను. డ్రెస్సు మాత్రం ఇప్పుడే కొనకండి, పిల్ల ఇంకా ఎదుగుతుంది.

ఓరుగల్లు_అమ్మ
ఈ చివరి మాట ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు మాస్టారూ. రేపు కొందామని డబ్బు కూడా తీసి పెట్టాను.

కుమిటే_కిరణ్
నా మొదటి మాటను కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పంతులు గారి లెక్క చూశాక, ఎదుట మనిషి లేడు కాబట్టి గెలిచిందన్నది నిలవదు. అయితే ఒక సంగతి స్వాతి గారు తప్పుగా అనుకోకుండా వినాలి. సాంచెజ్ జాతీయ శిక్షణకు దూరమైంది కానీ కరాటేకు దూరం కాలేదు. నాలుగో ఏట పట్టిన బెల్టును వదల్లేదు. మీకు మధ్యలో పదమూడేళ్ళు పోయాయి. 33కు యూరప్ గెలిచిన మనిషి వెనక దాదాపు ముప్పై ఏళ్ళ సాధన ఉంది. "వయసు అడ్డం కాదు" అన్నది ఎంత నిజమో, "ఆ ఏళ్ళు ఖాళీగా పోలేదు" అన్నది కూడా అంతే నిజం.

కటా_కల్యాణి
అన్నా, అది అంత సూటిగా చెప్పాలా?

స్వాతి_రాజమండ్రి
చెప్పాలి కల్యాణీ, నేను అడిగిందే అది. కిరణ్ గారి మాట రాత్రంతా ఆలోచించాను. నిజమే, నేను సాంచెజ్‌ను కాను, ఆమె చేరిన చోటికి చేరతానన్న భ్రమ కూడా లేదు. కానీ ఈ పోస్టులు చదివాక ఒకటి స్పష్టమైంది. ఇంతవరకు నేను చూసుకున్నది 39 అన్న అంకెను మాత్రమే. నేను చూడాల్సింది తల్లి మంచం పక్క నుంచి లేచి, జట్టులో చోటు పోయాక, ఎవరూ పిలవకపోయినా మళ్ళీ సాధనకు వెళ్ళిన ఆ మధ్య ఏళ్ళను. నావి పదమూడేళ్ళు పోయాయి, పోయినవి పోయాయి. ఈ రెండేళ్ళు పోలేదు కదా.

వచ్చే టోర్నమెంటు రెండు నెలల్లో ఉంది. పేరు ఇస్తాను. పాపను కూడా తీసుకువెళ్తాను. మాస్టారూ, నిన్న పొద్దున మా డాబా మీద చేసిన కటా వీడియో మీకు పంపాను. వీలుంటే చూసి చెప్పండి.

విజయనగరం_మాస్టారు
చూశానమ్మా. చేతులు బాగున్నాయి, చిన్నప్పుడు ఎవరో గట్టిగానే నేర్పారు. మూడో మలుపు దగ్గర వెనక కాలి మడమ లేస్తోంది. తలకన్నా ముందు భుజం తిరుగుతోంది, దానివల్లే తూకం తప్పి మడమ లేస్తోంది. ముందు చూపు, తరువాత నడుము, చివర భుజం. ఆ ఒక్క మలుపును రోజుకు యాభైసార్లు నెమ్మదిగా చేయండి. వచ్చే ఆదివారం పక్క నుంచి తీసిన వీడియో పంపండి, ఎదురు నుంచి తీస్తే మడమ కనబడదు.

స్వాతి_రాజమండ్రి
పక్క నుంచి తీయడానికి పాపకు ఫోను పట్టుకోవడం నేర్పుతున్నాను. ఈ పూట ఇరవై అయిదు అయ్యాయి.